ఆరు పేజీల అనుభవం, ఒకటిన్నర నిమిషం

ప్రశ్న:

అన్నా, నమస్తే. మాది ఇందుకూరుపేట పక్కన పల్లె. వయసు 37. నెల్లూరులో బీఎస్సీ జువాలజీ చేసి 2010లో రొయ్య పిల్లల హేచరీలో చేరాను. 2013 నుంచి ఐదేళ్లు మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేశాను. 2018లో అది మానేసి 12 ఎకరాలు లీజుకు పట్టి సొంతంగా రొయ్యలు వేశాను. మొదటి క్రాపులో డబ్బులు కనపడ్డాయి. రెండోదానికి 48వ రోజున వైట్ స్పాట్ (తెల్లమచ్చ జబ్బు) తగిలింది. మూడోది పట్టుబడికొచ్చేసరికి 2020 లాక్‌డౌన్. అప్పులు మిగిలాయి. ఆ ఏడాది చివర్లో రొయ్యల జబ్బులు పరీక్షించే పీసీఆర్ ల్యాబులో చేరాను. 2022 నుంచి ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయినాక మా ప్లాంటులో షిఫ్టులు తగ్గాయి. మళ్లీ చెరువుల మీదికే, ఫారం మేనేజరుగా పోదామని చూస్తున్నా.

“మీ గురించి చెప్పండి” అంటే ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. మొన్న ప్రకాశం జిల్లా కొత్తపట్నం వైపు ఒక ఫారం వాళ్లు పిలిచారు. పది నిమిషాలు మాట్లాడినా ఇంకా హేచరీ దగ్గరే ఉన్నా. ఒకాయన ఫోను చూసుకుంటా కూర్చున్నాడు. నా రెజ్యూమె ఆరు పేజీలుంది. లీజు సంగతి ఎత్తొద్దు, ఆ రెండేళ్లు కన్సల్టెంటుగా చేశానని రాసెయ్ అంటాడు మా బావమరిది. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివిన పిల్లలు కూడా ఇదే ఉద్యోగానికి వస్తున్నారు. నా కథ నాలుగు ముక్కల్లో ఎట్ట చెప్పాలి?

సమాధానం:

తమ్ముడూ, అన్నా అని రాశావు కాబట్టి నువ్వనే అంటాను.

నీ అసలు ఉత్తరం పైన వేసినదానికి నాలుగింతలుంది. తగ్గించింది నేనే. మొదటి పేజీ అంతా హేచరీ. తల్లి రొయ్యల కోసం చెన్నై నీలాంకరై క్వారంటైన్‌కు పోవడం, రొయ్య పిల్లలకు మేతగా నాచు పెంచే ఆల్గే గదిలో రాత్రి డ్యూటీలు, ఆక్సిజన్ పట్టిన సంచుల్లో రొయ్య పిల్లను ప్యాక్ చేసి తెల్లారేలోపు లారీ ఎక్కించడం... చదవడానికి బాగుంది, కాదనను. కానీ మూడో పేజీ మధ్యలో, ల్యాబు గురించి రాస్తూ, ఒక మాట అనేసి దాటిపోయావు. “ల్యాబులో చేరినాకే మా చెరువులో ఏం జరిగిందో నాకర్థమైంది. పిల్లను టెస్టు చేయించకుండా వేశా. పక్క చెరువాయన నీళ్లు కాలవలోకి వదిలిన పూటే నా పంపు ఆడతా ఉండింది.”

నేను అక్కడ ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. కొత్తపట్నం ఆయన కూడా అక్కడికొస్తే ఫోను పక్కన పెట్టేవాడు. ఆయన్ని అక్కడిదాకా నువ్వు తీసుకెళ్లలేదు.

క్లుప్తంగా చెప్పడమంటే నిడివి కొయ్యడమే అనుకుంటున్నావు. నీ ఆరు పేజీల్ని మూడు చేసినా వరస మారకపోతే వినేవాడికి ఒరిగేదేమీ లేదు. పెళ్లిచూపుల్లో ముత్తాత దగ్గర్నుంచి వంశం చెప్పుకొచ్చినట్టు, నువ్వు 2010 నుంచి మొదలుపెడతావు. నీకు అది జరిగిన వరస. ఎదుటివాడికి కావలసిన వరస వేరు. మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే బల్లకు అటువైపు నేను చాలాకాలం కూర్చున్నాను. అక్కడ కూర్చున్నవాడు నీ జీవితం తెలుసుకోవడానికి రాడు. వాడికి కొన్ని భయాలుంటాయి. నీ మాటల్లో వాటికి జవాబు ఎక్కడుందా అని వెతుకుతుంటాడు. దొరక్కపోతే ఫోను తీస్తాడు.

ఫారం యజమాని భయాలు నీకు నేను చెప్పాలా? ఎకరాకు లక్షల్లో పెట్టుబడి పెట్టి మూడు నాలుగు నెలలు నీటి కింద కనపడని సరుకును నమ్ముకుని కూర్చుంటాడు. జబ్బు తగిలితే ముందుగా పసిగట్టే కన్ను ఈ మనిషికి ఉందా అనేది మొదటి భయం. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి ఆ మేత రొయ్య కడుపులోకి పోతుందా, చెరువు అడుగుకు పోతుందా, గోడౌను వెనక తలుపులోంచి పోతుందా అనేది రెండోది. మూడోది ఎవరూ పైకి అనరు. ధర కాస్త పెరగ్గానే వీడు క్రాపు మధ్యలో నన్ను వదిలేసి మళ్లీ లీజుకు పోతాడేమో అని. సొంతంగా సాగు చేసినవాణ్ణి తీసుకునేటప్పుడు ప్రతి యజమానికీ ఈ అనుమానం ఉంటుంది. నీ కథలో ఈ మూడింటికీ జవాబుంది. హేచరీలో ఆల్గే గది చల్లదనం వీటిలో దేనికీ జవాబు కాదు, అందుకే అది పోవాలి.

ఇప్పుడు నీ కథను నేను చెబితే ఇలా చెబుతాను. నీ ఉత్తరంలో లేనిది ఏదీ కలపలేదు.

“ప్రస్తుతం రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సూపర్‌వైజర్‌నండి. పదిహేనేళ్లుగా రొయ్యల పనే. పిల్ల తయారయ్యే హేచరీలో మూడేళ్లు, మేత కంపెనీ తరఫున రైతుల చెరువుల మీద ఐదేళ్లు, సొంత సాగు రెండేళ్లు, తర్వాత పీసీఆర్ ల్యాబు, ఇప్పుడు ప్లాంటు. 2018లో 12 ఎకరాలు లీజుకు తీసుకున్నాను. మొదటి క్రాపు బాగా వచ్చింది. రెండోది 48వ రోజున వైట్ స్పాట్‌తో పోయింది. పిల్లను టెస్టు చేయించకుండా వేశాను, పక్క చెరువు నీళ్లు కాలవలోకి వదిలిన పూటే పంపు వేశాను. మూడోది లాక్‌డౌన్ ధరకు అమ్మాను. తర్వాత ల్యాబులో చేరింది జీతం కోసమూ, నా చెరువు ఎందుకు పోయిందో తెలుసుకోవడం కోసమూ. ప్లాంటులో ఏ లోడుకు ఎందుకు ధర కోస్తారో, దేన్ని ఎందుకు వెనక్కి పంపుతారో రోజూ చూస్తున్నాను. ఇదంతా ఒకే ఫారం మీద పెట్టి పనిచేయాలని ఉంది. మీ చెరువులకు నీళ్లొచ్చే కాలవ మీదే వేరేవాళ్ల చెరువులూ ఉన్నాయి. పిల్ల టెస్టు, నీళ్లు తోడే వేళలు మొదటి రోజు నుంచీ నేనే చూసుకుంటాను. సొంత సాగు మళ్లీ చేసే ఆలోచన లేదు. కుటుంబం నెల్లూరులో ఉంటుంది, నేను ఫారం మీదే ఉంటాను.”

అంతే. నెమ్మదిగా చెబితే ఒకటిన్నర నిమిషం. ఇందులో నువ్వు మూడేళ్లు చేసిన హేచరీ ఉద్యోగానికి దక్కింది నాలుగు మాటలు. మనసు చివుక్కుమంటుందని తెలుసు.

నీది ఏది తీసెయ్యాలో కన్నా ఏది ముందుకు రావాలో చూడు. మొదటి మాట ఇప్పుడున్న ఉద్యోగం. నువ్వెవరో వాళ్లకు అర్థమవ్వాలంటే 2010 కాదు, ఈరోజు కావాలి. రెండో మాటలో పదిహేనేళ్లూ ఒకే గుక్కలో వచ్చేశాయి. ఐదు ఉద్యోగాలు మారినవాడని మీ బావమరిది భయపడుతున్నాడు గానీ, విన్నవాడికి అవి ఐదు ఉద్యోగాలుగా వినపడవు. ఒక రొయ్య పిల్ల దశ నుంచి ఎగుమతి పెట్టెలోకి చేరేదాకా ప్రతి మజిలీలోనూ ఉన్న మనిషి వినపడతాడు. వెనామి రకం రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో, నువ్వు హేచరీలో చేరింది 2010లో. అంటే ఇక్కడ ఆ సాగుకు ఎంత వయసో దాదాపు నీ అనుభవానికీ అంతే. ఇది గొప్పగా చెప్పుకోమని కాదు, నీ ధైర్యం కోసం చెబుతున్నా. ఇంటర్వ్యూలో అనొద్దు, సోది అవుతుంది.

ప్రతి మలుపు దగ్గరా ఎందుకు మారావన్నది సగం వాక్యంలో ఉండాలి. కారణం లేకుండా మారితే వినేవాడు సొంతంగా ఒక కారణం ఊహించుకుంటాడు, అది ఎప్పుడూ నీకు మేలు చేసేది కాదు. కారణం చెప్పేటప్పుడు పాత యజమానిని తిట్టొద్దు. మేత కంపెనీ మేనేజరు నిన్ను ఎలా వేధించాడో నాకు ముప్పావు పేజీ రాశావు. నాకు రాశావు, సరే. అక్కడ ఒక్క ముక్క కూడా వద్దు. తన గురించి కూడా రేపు ఇలాగే చెబుతాడని అవతలాయనకు అనిపిస్తుంది.

లీజు విషయానికి వద్దాం. మీ బావమరిది సలహా ప్రేమతో ఇచ్చిందే, అయినా పనికిరాదు. 1994–95లో తెల్లమచ్చ వచ్చి టైగర్ రొయ్యను ఊడ్చేసిన నాటి నుంచీ ఈ తీరంలో చెరువు పెట్టి ఎప్పుడూ దెబ్బ తినని రైతు నాకు తగల్లేదు. నిన్ను ఇంటర్వ్యూ చేసే ఆయన కూడా ఏదో ఒక సంవత్సరం కట్ట మీద తల పట్టుకుని కూర్చున్నవాడే అయుంటాడు. ఆయనకు నష్టం కొత్త కాదు. ఎందుకు నష్టపోయావో నువ్వు తెలుసుకున్నావా లేదా అన్నదే ఆయనకు కొత్త. “మా టైం బాగోలేదు” అనేవాళ్లు రోజూ దొరుకుతారు. “టెస్టు చేయించలేదు, తప్పు పూట నీళ్లు తోడాను” అనేవాడు అరుదు. ఆ రెండు వాక్యాల్ని తలదించుకుని చెప్పొద్దు, రోగం పేరు చెప్పే డాక్టరులా మామూలు గొంతుతో చెప్పు. రెండే వాక్యాలు. వడ్డీలు, అమ్మిన బంగారం, ఇంట్లో గొడవలు ఆ బల్ల మీదికి తేవొద్దు. అప్పు సంగతి వాళ్లే అడిగితే “తీరుస్తున్నానండి” అంటే చాలు, అంకె చెప్పాల్సిన పని లేదు.

కన్సల్టెంటు అబద్ధం ఎందుకు నిలవదంటే, మన రొయ్యల వ్యాపారం నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఒకే వీధి. నువ్వు బయటికొచ్చి టీ తాగేలోపు ఆయన ఎవరో ఒక మేత డీలరుకు ఫోను చేస్తాడు. “వాడా, తెలుసు, మా దగ్గర అరువు పెట్టి సొంతంగా ఏశాడుగా” అంటాడు అవతలివాడు. అప్పుడు నీ నష్టం కాదు, నీ మాట పోతుంది.

అంకెల విషయం. “ఎంతమంది రైతుల్ని చూశానో లెక్కలేదు” అని రాశావు. లెక్క ఉండాలి. మేత కంపెనీలో నీ ఏరియాలో ఎన్ని ఎకరాలు, సగటున కిలో రొయ్యకు ఎంత మేత పట్టింది, అంటే ఎంత ఎఫ్‌సీఆర్, నీ సొంత మొదటి క్రాపు ఎన్ని రోజులకు ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు) పట్టావు, టన్నులు ఎన్ని, పాత డైరీలు తీసి రాసిపెట్టుకో. వాటిలో రెండు అంకెలు కథలోకి వస్తాయి, మిగతావి జేబులో ఉంటాయి. “కష్టపడి పనిచేస్తాను, నిజాయతీపరుణ్ణి” అనే మాటలు చెప్పనివాడు లేడు కాబట్టి వాటికి విలువ లేదు. “ఫలానా క్రాపులో కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టింది, ఎందుకంత పట్టిందంటే...” అన్నవాణ్ణి మేత వృథా గురించి ఎవరూ వేరే అడగరు. అంకె గుర్తులేకపోతే సుమారుగా అని చెప్పు, అందంగా దిద్దకు. అవతలివాడికి నీకన్నా బాగా లెక్కలు తెలుసు. రైతుల పేర్లు, ఇప్పటి ప్లాంటు కొనుగోలు ధరలు మాత్రం బయటపెట్టొద్దు. వినడానికి ఉత్సాహం చూపిస్తారు, కానీ ఆ తర్వాత నీకు తాళాలు ఇవ్వరు.

ఆ ఒకటిన్నర నిమిషం అయ్యాక ఆపేయాలి. నీకు కష్టమైన పని ఇదే అనుకుంటున్నా. నువ్వు ఆపగానే రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఆ ఖాళీ చూసి భయపడి మళ్లీ ఆల్గే గదిలోకి దూరొద్దు. వాళ్లు ఆలోచించుకుంటున్నారు. తర్వాత వాళ్లకు ఏది కావాలో అదే అడుగుతారు. అప్పుడు తియ్యి నీ హేచరీ అనుభవం. “పిల్లను ఎట్ట ఎంచుతావు?” అంటే సైజు సమంగా ఉందా, పేగు నిండుగా ఉందా, ఉప్పు శాతం మార్చి స్ట్రెస్ టెస్టు పెడితే ఎంత నిలిచింది, పీసీఆర్ రిపోర్టు ఏ ల్యాబుది, అన్నీ నీ నోటికి వస్తాయి. మొదటి పేజీలో నువ్వు రాసిందంతా ఇక్కడ పనికొస్తుంది. అడిగినప్పుడు చెబితే అది జ్ఞానం అవుతుంది, అడగకముందు చెబితే పది నిమిషాలవుతుంది.

ముత్తుకూరు పిల్లల గురించి బెంగ వద్దు. వాళ్లు బీఎఫ్ఎస్సీ (మత్స్యశాస్త్రం డిగ్రీ) చదివారు, నువ్వు బీఎస్సీ. కాలేజీ చదువులో వాళ్లకున్నది నీకు లేదు, నిజమే. దానికి క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు, వాళ్లను తక్కువ చేయనూ అక్కర్లేదు. “ఈ కాలం పిల్లలకు బురదలో దిగడం రాదు సార్” లాంటి మాటలు కొందరు ఇంటర్వ్యూల్లో అంటుంటారు. వినేవాడి కూతురో కొడుకో అక్కడే చదువుతుండొచ్చు. నీకున్న పైచేయి ప్లాంటు. చెరువు మీద పనిచేసినవాళ్లు చాలామంది దొరుకుతారు. తన రొయ్య లారీ ఎక్కాక ఏమవుతుందో చూసిన ఫారం మేనేజరు దొరకడం కష్టం. మెత్తటి పెంకు, నల్లమచ్చలు, కౌంట్ల తేడా, ఐసు చాలక చెడిన సరుకు, వీటివల్ల ధర ఎక్కడ తెగుతుందో నీకు తెలుసు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి యాంటీబయాటిక్ అవశేషాలు కనపడితే ఆ సరుకు ఎగుమతికి పనికిరాదని, దాన్ని ప్లాంటులో ఎలా పట్టుకుంటారో కూడా తెలుసు. “పట్టుబడికి ముందు ఏం ఆపాలో నాకు ప్లాంటు నేర్పింది” అని ఒక్క మాట అను, ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

ఇదే కథ ఇంకో చోట ఇలాగే చెప్పొద్దు. రేపు ల్యాబు మేనేజరు ఉద్యోగానికి పోతే ముందు వరసలో పీసీఆర్ రావాలి, లీజు ఒక వాక్యానికి తగ్గాలి. మేత కంపెనీ ఏరియా మేనేజరుకైతే రైతులతో ఐదేళ్ల సంబంధాలు ముందుకు రావాలి. చీమకుర్తి నుంచి ఒకతను ఇలాగే రాశాడు. గెలాక్సీ గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు, కృష్ణపట్నం వైపు లాజిస్టిక్స్ ఉద్యోగానికి వెళ్తూ వైర్‌సా కోత గురించి అంతా చెప్పి వచ్చాడు. అతను చేసిన పనిలోనే బ్లాకు కొలతలు, లారీ లోడింగ్, పోర్టుకు పంపే కాగితాలు ఉన్నాయి. అక్కడ కూర్చున్నవాళ్లకు కావలసింది అదే. రాయి ఎలా కోస్తారో వాళ్లకెందుకు? అబద్ధం ఆడక్కర్లేకుండానే ఒక జీవితంలోంచి మూడు నాలుగు కథలు వస్తాయి. పోయే ముందురోజు ఆ ఫారం గురించి నాలుగు విషయాలు కనుక్కో. ఎన్ని చెరువులు, నీళ్లు ఏటి నుంచా, కాలవ నుంచా, బోరా, కిందటి క్రాపు ఎలా పోయింది? మన ఊళ్లలో ఇది తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, దగ్గర్లో ఉన్న మేత షాపు చాలు.

ఇంగ్లీషు గురించి చివర్లో రెండు ముక్కలు రాశావు, సిగ్గుపడుతూ. ఫారాల యజమానులు చాలామంది తెలుగులోనే మాట్లాడతారు. చెన్నై, హైదరాబాదుల్లో ఆఫీసున్న కంపెనీలయితే ఇంగ్లీషులో అడగొచ్చు. ముందు తెలుగులో కథ కుదిరాకే ఇంగ్లీషులోకి వెళ్లు. రెండూ ఒకేసారి మొదలుపెడితే భాష మీద భయంతో కథ చెదిరిపోతుంది. డీవో, పీహెచ్, శాలినిటీ, సర్వైవల్, ఎఫ్‌సీఆర్, స్టాకింగ్ డెన్సిటీ, మన పనిలో సగం మాటలు ఎలాగూ ఇంగ్లీషువే. వాటి మధ్య చిన్న చిన్న వాక్యాలు అతికితే చాలు. వ్యాకరణం తప్పు పోయినందుకు ఫారం మేనేజరు ఉద్యోగం పోయినవాణ్ణి నేను చూడలేదు. అర్థంకాని ప్రశ్నకు తల ఊపి పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అర్థం కాకపోతే మళ్లీ అడగమను.

సాధన ఎలా చేయాలంటే, కథను ఫోనులో రికార్డు చేసి నువ్వే విను. మొదటిసారి వింటే నీ గొంతు నీకే నచ్చదు, ఫర్వాలేదు. తర్వాత రొయ్యలతో సంబంధం లేని మనిషికి చెప్పు. మీ ఆవిడకు ఈ కథ కంఠతా వచ్చేసి ఉంటుంది కాబట్టి ఆమె వద్దు. ఏ బట్టల షాపులో పనిచేసే స్నేహితుడికో చెప్పి, ఒక గంట తర్వాత “నేనేం చెప్పాను?” అని అడుగు. అతను తిరిగి చెప్పిందే నీ కథలో నిలిచింది. “ఏందో హేచరీ అన్నావబ్బా” అంటే మళ్లీ రాసుకో. “టెస్టు చెయ్యకుండా ఏసి పోగొట్టుకున్నావు, ఇప్పుడు ఆ టెస్టులే నేర్చుకున్నావు” అంటే సిద్ధమైనట్టే. కథ మాట మాటా బట్టీ పట్టొద్దు. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కదలకుండా ఉండాలి. మధ్యలోది ఎదుటివాళ్ల మొహాలు చూసి అటూ ఇటూ అవుతుంది.

రెజ్యూమె రెండు పేజీలు చాలు. తండ్రిపేరు, కులం, మతం, పెళ్లయిందా లేదా, పదో తరగతి మార్కులు, చివర్లో “పైన తెలిపినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను” అని సంతకం, ఇవన్నీ తీసెయ్. ఇప్పటి ఉద్యోగం పైన, పాతవి కింద. ఒక్కో ఉద్యోగానికి రెండు మూడు లైన్లు, హేచరీకి ఒక్క లైను. లీజును ఒక ఉద్యోగంలాగే రాయి: “2018–20, సొంత వెనామి సాగు, 12 ఎకరాలు, 3 క్రాపులు.” అక్కడ నష్టం గురించి రాయనక్కర్లేదు, అది నోటితో చెప్పే సంగతి. ఫారం మీదే ఉండగలనని, బండి లైసెన్సు ఉందని, ఎన్ని రోజుల నోటీసుతో చేరగలనో రాయి. ఫారం యజమానికి ఇవి డిగ్రీ మార్కులకన్నా ముఖ్యం. పీడీఎఫ్‌గా పంపు, వర్డ్ ఫైలు వాళ్ల ఫోనులో తెరిస్తే లైన్లు చెల్లాచెదురవుతాయి. ఫైలుకు నీ పేరు, ఉద్యోగం పేరు పెట్టు. “న్యూ రెజ్యూమె ఫైనల్ 3” అనే పేరుతో వచ్చినవి నేను లెక్కలేనన్ని చూశాను.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఉత్త ఫైలు పడేసి ఊరుకోవద్దు, ‘గుడ్ మార్నింగ్ సార్’ పువ్వుల బొమ్మ అసలే వద్దు. నాలుగు లైన్లు రాయి: “నమస్తే సార్. ఫారం మేనేజరు ఉద్యోగం గురించి. రొయ్యల రంగంలో 15 ఏళ్లు: హేచరీ, ఫీల్డ్, సొంత సాగు 12 ఎకరాలు, పీసీఆర్ ల్యాబు, ఇప్పుడు ప్లాంటు క్వాలిటీ. ఫారం మీదే ఉండగలను. రెజ్యూమె జతచేశాను, ఎప్పుడు ఫోను చేయమంటారు?” ఆ చివరి ప్రశ్న ఉంటే జవాబు రావడానికి ఒక ఆస్కారం ఉంటుంది.

కొత్తపట్నం వాళ్ల దగ్గర తలుపు మూసుకుపోయిందని రాశావు. నాకలా అనిపించడం లేదు. ఫోను చూసుకున్నాయన కాకుండా ఇంకొకాయన “ల్యాబులో ఏం చేసేవాడివి?” అని అడిగాడని నువ్వే రాశావు. ఆయనకు పైన చెప్పిన నాలుగు లైన్లకు ఒక వాక్యం జోడించి పంపు. “ఆరోజు చెప్పలేకపోయాను సార్, నా రెండో క్రాపు వైట్ స్పాట్‌తో ఎందుకు పోయిందో ల్యాబులో తెలుసుకున్నాను, వీలుంటే ఐదు నిమిషాలు మాట్లాడతాను” అని. రాకపోతే పోయేదేమీ లేదు.

చివరిగా కాగితాల సంగతి. కాస్త పెద్ద కంపెనీలు ఇప్పుడు నీ పీఎఫ్ సర్వీసు హిస్టరీ చూస్తున్నాయి. నీ యూఏఎన్‌తో (పీఎఫ్ ఖాతా నంబరుతో) ఈపీఎఫ్ఓ సైటులోకి వెళ్లి ఏ కంపెనీలో ఎప్పుడు చేరావు, ఎప్పుడు మానావు అనేవి రెజ్యూమె తేదీలతో కలుస్తున్నాయో లేదో చూసుకో. మేత కంపెనీ వాళ్లు నువ్వు మానేసిన తేదీ వెయ్యకుండా వదిలేసి ఉంటే, చివరి చందా పడి రెండు నెలలు దాటితే నువ్వే ఆధార్ ఓటీపీతో ఎగ్జిట్ తేదీ వేసుకోవచ్చు. హేచరీలో పీఎఫ్ కట్టలేదని రాశావు. అక్కడిదానికి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఉంచు, ఇంకా అక్కడే పనిచేస్తున్న పాత ఇన్‌ఛార్జి ఎవరైనా ఉంటే ముందే ఫోను చేసి, ఎవరైనా అడిగితే చెప్పమని ఒక మాట అడిగిపెట్టుకో.